చుట్టాలను తీసేశాక మిగిలినవి

మిర్యాలగూడలో నేను పాఠాలు చెప్పిన డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ గది కిటికీలు నడి ఎండాకాలంలో కూడా మూసే ఉండేవి. తెరిస్తే రైసు మిల్లుల నుంచి ఊక బూడిద వచ్చి కీబోర్డుల మీద పడేది. ఆ మూసిన గదిలో, ఉడికిన వడ్ల వాసనలో, నాకు అన్నిటికన్నా ఇష్టమైన మూడేళ్లు గడిచాయి. ఆ గది నాది కాదు, కంప్యూటర్ సైన్స్ చెప్పే సార్‌ది. నేను బయోటెక్నాలజీ మేడమ్‌ని. ఆ మూడేళ్లూ ఆయన నన్ను మేడమ్ అనే పిలిచారు, నేను సార్ అనే పిలిచాను.

ఆయనది కోదాడ. వాళ్లమ్మ అక్కడ బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. మాది ఆత్మకూర్ (ఎస్). గొర్రెలు కాసే ఇల్లు. 2001లో నేను సూర్యాపేటలో డిగ్రీలో చేరేనాటికి బయోటెక్నాలజీ అన్న మాట అప్పుడప్పుడే కాలేజీ బోర్డుల మీదికి ఎక్కుతోంది. "ఏం సదువు బిడ్డా అది? గొర్ల దవాఖాన సదువా?" అని నాయిన అడిగితే, వివరించడం చేతగాక ఔనన్నాను. తర్వాత పీజీ కోదాడలో చేశాను. 2006లో మిర్యాలగూడలో ఉద్యోగం దొరికింది. బస్టాండుకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

పని మొదలైంది అనుకోకుండానే. ఒక మధ్యాహ్నం నాకు క్లాసు లేదు. కంప్యూటర్ గదిలో కూర్చుని గొర్రె ప్రోటీన్ల పట్టిక ఒకటి చూస్తున్నాను. మా ఇంటి జీవాలు కదా, వాటి గురించి ప్రపంచానికి ఏం తెలుసో చూద్దామన్న కుతూహలం. పేజీ తర్వాత పేజీ తిప్పుతున్నా చాలావాటి ఎదురుగా ఒకటే మాట: పని తెలియదు.

వెనక నుంచి సార్ అడిగారు. "ఏంటండీ మేడమ్, అన్నిటికీ తెలియదనే రాశారు?"

"గొర్రె గురించి ఎవలకు పట్టింది సార్. ఎలుకలయి, మనుషులయి అయితే మస్తుగ తెలుసు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మరి తెలిసినవాటిని చూపించి, తెలియనివి ఏం చేస్తాయో మెషీన్‌తో చెప్పించలేమా?"

ఆ రోజు నేను ఆయనకు ప్రోటీన్ పాఠం చెప్పాను. ప్రోటీన్ అంటే పొడవాటి దండ. ఇరవై రకాల పూసలు, ఒక్కో పూసకు ఒక్కో అక్షరం. ఏ పూస తర్వాత ఏ పూస వచ్చిందో రాస్తే అదే దాని వరుస. కొత్త దండ పని తెలుసుకోవడానికి మామూలు దారి, దానిలాంటి దండ ఇంకో ప్రాణిలో ఉందేమో వెతకడం. ఎలుకలో ఉంటే, దాని పని తెలిసి ఉంటే, గొర్రెలోనూ అదే పని అనుకోవచ్చు. కానీ ఏ పోలికా దొరకనివి కొన్ని మిగిలిపోతాయి. మేము పట్టుకోవాలనుకున్నవి అవే. పోలిక లేనప్పుడు దండ గుణాలే చూడాలి. ఎంత పొడవుంది, ఏ పూస ఎన్నిసార్లు వచ్చింది, నీళ్లంటే గిట్టని పూసలు ఎక్కడ గుంపు కట్టాయి, మొదటి ఇరవై ముప్పై పూసలు ఎలా ఉన్నాయి. వాటిని బట్టి ఇది కణం పొరలో కూర్చునేదా, కణం దాటి బయటికి పోయేదా, డీఎన్ఏను పట్టుకునేదా, ఎంజైమా అని చెప్పాలి.

సార్ నా మాటలన్నీ ఒక హాజరు కాగితం వెనక రాసుకున్నారు. వారం తిరక్కుండా ప్రోగ్రాం మొదటి ముక్క తయారైంది.

మా దగ్గర ఏమీ లేదు. కాలేజీలో నెట్ ఉండీ లేనట్టే. నేను బజారులో నెట్ సెంటర్‌కు పోయి వరుసలు దించి సీడీల మీద తెచ్చేదాన్ని. ఆ సెంటర్ నడిపే ఆమె "ఇంతింత దించుతున్నవ్, సిన్మాలా అక్కా?" అని అడిగింది. గొర్రెల అక్షరాలని చెబితే నవ్వింది. సార్ ప్రోగ్రాం రాసేవారు. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యికుయ్యిమనేది, ఇద్దరం కలిసి పరుగెత్తి ఒక్కో కంప్యూటర్ ఆపేవాళ్లం. చివరి ఏడాది తెలంగాణ ఉద్యమం బంద్‌ల రోజులొచ్చాయి. కాలేజీకి తాళం పడేది. ప్రిన్సిపల్‌ను అడిగి ఆ ఒక్క గది తాళంచెవి తెచ్చుకునేవాళ్లం. పిల్లలు లేని కాలేజీలో పగలంతా ఇద్దరమే. ఆయన అడిగేవారు, నేను చెప్పేదాన్ని. కొన్నిసార్లు నేను అడిగేదాన్ని.

ఒకసారి అడిగాను. "సార్, ఇదంత చేస్తే మనకేమొస్తది?"

"ఏమీ రాదండీ," అన్నారు ఆయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఏమీ రాకపోయినా సోమవారం ఎప్పుడొస్తుందా అనిపిస్తుంది నాకైతే."

నాకూ అంతే. శనివారం ఆయన కోదాడ బస్సెక్కుతారు. ఆదివారం నాకు ఖాళీ. సోమవారం పొద్దున మాత్రం జడ వేసుకునే చేతులు తొందరపడేవి. దానికి నేను పేరు పెట్టలేదు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల, చర్చికి పోయే ఇంటి అబ్బాయి. పేరు పెడితే రెండు ఇళ్లల్లో ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పేరు లేకుండా ఉంటే రోజూ కలుసుకోవచ్చు.

ప్రోగ్రాంకు ముందు ఎలుకవీ మనిషివీ పని తెలిసిన ప్రోటీన్లు చూపించి నేర్పాం. అది నిజంగా నేర్చుకుందా అని పరీక్షించడానికి ఆవును ఎంచుకున్నాం. గొర్రెకు దగ్గరి జంతువు, దాని ప్రోటీన్ల పని కొంత తెలుసు కూడా. ఆవువి ఎన్నుకుని ఫైలు చేసే పని నాది.

ఫలితం వచ్చిన రోజు సార్ నన్ను పిలిచారు. తెర నా వైపు తిప్పారు. దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది.

"గిదేంది సార్!" అన్నాను.

"నాకూ నమ్మబుద్ధి కావట్లేదండీ మేడమ్."

ఆయన చెయ్యి చాపారు. నేనూ చాపాను. మా ఇద్దరి చేతులూ కలిసింది ఆ ఒక్కసారే.

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ సెమినార్‌లో ఈ పని చెప్పడానికి పిలిచారు. సార్ చెప్పారు, నేను పక్కన నిలబడ్డాను. అయ్యాక ఒక ప్రొఫెసర్ ఆయన్ను పక్కకు తీసుకుపోయారు. వచ్చే జూన్‌లో తన దగ్గర పరిశోధనకు రమ్మన్నారు. సార్ మొహం అంతలా వెలగడం నేను ముందెప్పుడూ చూడలేదు. తిరుగు బస్సులో నార్కట్‌పల్లి దాటేదాకా ఆయన హైదరాబాద్ గురించే మాట్లాడారు, అక్కడ ఎంత పెద్ద మెషీన్లుంటాయో, ఎన్ని ప్రాణుల వరుసలు ఒకేసారి చూడొచ్చో. నేను ఊ కొడుతూ కిటికీలోంచి చూస్తున్నాను. జూన్‌కు ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టుకుంటున్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఇంటికి పోయాను. నాయిన దొడ్డిలో ఉన్నాడు. కుంటుతున్న గొర్రెను పట్టుకుని గిట్టలో ముల్లు తీస్తున్నాడు. నేను గడ్డికట్ట విప్పుతూ మా గొప్ప చెప్పుకున్నాను. కొత్త ప్రోటీన్లను చూసి ఏం పని చేస్తాయో చెప్పే ప్రోగ్రాం చేశామని, పరీక్షిస్తే అన్నీ సరిగ్గా చెప్పిందని.

"ఎట్ల పరీక్ష పెట్టిన్రు?" అన్నాడు.

"ఎలుకవి, మనుషులవి నేర్పినం నాయినా. ఆవువి అడిగినం."

"ఎలుకకు, ఆవుకు పోలికుంటదా?"

"పైకి ఉండదు గని, లోపల మస్తుంటది. కొన్నయితే అచ్చం ఒక్క తీరే ఉంటయి."

నాయిన ముల్లు తీసి పారేశాడు. "ఇగ అది పరీక్షెట్లయితది బిడ్డా? మనింట్ల గొర్రెకు పుట్టిన పిల్లను సూసి, ఇది మంచిగ పాలిస్తదని నేను చెప్త. తల్లి తెలుసు, తల్లి తల్లి తెలుసు. గది గొప్పనా? అంగట్ల కొన్నదాన్ని, తల్లెవ్వరో తెల్వనిదాన్ని సూసి చెప్పమను."

ఆ మాట అక్కడే వదిలేసి ఇంకో గొర్రె కాలు పట్టుకున్నాడు. నా చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. పోలిక దొరకనివాటి పని చెప్పాలని బయల్దేరిన మేము, ఎలుకతో బాగా పోలిక ఉన్న ఆవు ప్రోటీన్లతో పరీక్ష పెట్టుకున్నాం. ప్రోగ్రాం గుణాలు చూసి చెప్పలేదు. ముందే చూసినదాన్ని గుర్తుపట్టింది, అంతే. ఆవు ఫైలు చేసింది నేనే. అచ్చంగా ఒకటే అయినవాటిని తీసేశాను కానీ చుట్టాలను, దగ్గరి పోలిక ఉన్నవాటిని, ఫైలులోనే ఉంచేశాను.

సోమవారం సార్ రాలేదు. యూనివర్సిటీకి పంపే సర్టిఫికెట్ల కోసం కోదాడలో ఆగిపోయారు. నేను ఒక్కదాన్నే గదిలో కూర్చున్నాను. ఆవు ఫైలులోంచి ఎలుకకో మనిషికో చుట్టమైన ప్రతి వరుసనూ తీసేశాను. మిగిలినవి కొన్నే. ప్రోగ్రాం నడిపాను. బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికన్నా కాస్త మెరుగు. అంతే.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సార్ మంగళవారం వచ్చారు, కొత్త చొక్కా వేసుకుని. వాళ్లమ్మ కొనిపెట్టిందట. చర్చిలో అందరికీ చెప్పిందట. నేను నవ్వాను. చెప్పకపోతే ఆయన పోతారు, పెద్ద మెషీన్ల దగ్గర సంతోషంగా ఉంటారు, ఈ తప్పు ఎప్పటికోగానీ బయటపడదు. చెబితే బహుశా ఆయన పోరు. ఇక్కడే ఉంటారు. ఆ ఆలోచన వచ్చినప్పుడు నా గుండె ఎంత తేలికైందో గుర్తుంది. అలా తేలికైనందుకు వెంటనే సిగ్గేసింది. చెప్పకుండా ఉంటే ఆయన మీద ప్రేమతో అబద్ధమాడినట్టు. చెబితే ఆయన్ను ఆపడానికి నిజం చెప్పినట్టు. ఎటు చూసినా శుభ్రంగా లేదు.

బుధవారం మధ్యాహ్నం చెప్పాను. కాగితం మీద రెండు ఫలితాలూ పక్కపక్కన రాసి ఆయన ముందు పెట్టాను.

"తప్పు నాది సార్. చుట్టాలను నేనే తియ్యలే."

ఆయన రెండు ఫలితాలూ పోల్చి చూశారు. లేచి బయటికి పోయారు. అరగంటకు తిరిగొచ్చి కూర్చున్నారు.

"ఫైలు మీరు చేశారు. అది చూసి సరే అన్నది నేను," అన్నారు. "ప్రొఫెసర్ గారికి మెయిల్ రాద్దాం. మీరు పక్కనుండండి. ఇంగ్లీషులో తప్పులు పోతాయి నాకు."

ఇద్దరం కలిసి రాశాం. తప్పు చేసింది నేనని నా పేరే రాయమన్నాను. ఆయన "మేము" అనే రాశారు. ప్రొఫెసర్ మర్యాదగానే జవాబిచ్చారు. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నారు, పని సరిచేసుకుని పై ఏడు మళ్లీ కలవమన్నారు. ఆ సీటు ఇంకొకరికి పోయింది. కొత్త చొక్కా ఆయన ఆ తర్వాత మామూలు రోజుల్లో వేసుకుని వచ్చేవారు. చూసినప్పుడల్లా నేను కళ్లు దించుకునేదాన్ని.

ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అలా ఆయన మరో ఏడాది ఉన్నారు. నా తప్పు వల్లో, నా నిజం వల్లో దొరికిన ఏడాది అది. చుట్టాలన్నిటినీ తీసేసి పని మొదటినుంచీ మొదలుపెట్టాం. ఎంజైములు మాకు లొంగలేదు. గుణాలు చూసి వాటి పని చెప్పడం మా వల్ల కాదని ఒప్పుకున్నాం. కానీ కణం దాటి బయటికి పోయే ప్రోటీన్లు మాత్రం, ఏ చుట్టమూ లేకపోయినా, తమను తాము పట్టించేవి. దండ మొదట్లో నీళ్లంటే గిట్టని పూసల గుంపు, తర్వాత ఒక తీరు పొందిక. ఎలుకలోనైనా ఆవులోనైనా కోడిలోనైనా అదే తీరు. "ఇంటి పేరు మారినా ప్రయాణం సంచి ఒకటేనండీ వీళ్లది," అన్నారు సార్. ఆ ఏడాది మళ్లీ నవ్వడం అప్పుడే మొదలు.

పోలిక లేని గొర్రె ప్రోటీన్లలో బయటికి పోయేవి ఇవి కావచ్చు అని ఒక చిన్న జాబితా చేశాం. ఎక్కడ తప్పవచ్చో కూడా రాశాం. ఒక చిన్న పరిశోధన పత్రిక దాన్ని వేసుకుంది. రెండు పేర్లు ఒకదాని పక్కన ఒకటి అచ్చయ్యాయి. ఆ పేజీ నాయినకు చూపిస్తే, "ఇందుల మన గొర్రె పేరు ఏడుంది?" అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను.

తర్వాత సార్ మళ్లీ హైదరాబాద్ మాట ఎత్తలేదు, బ్యాంకు పరీక్ష రాశారు. వచ్చింది. 2010లో వెళ్లిపోయారు. ఈసారి ఆపడానికి నా దగ్గర ఏ తప్పూ లేదు.

బస్టాండులో కోదాడ బస్సు కోసం నిలబడ్డాం. పక్కనే త్రిపురారం పోయే మా విద్యార్థులు నలుగురైదుగురు ఉన్నారు, అందుకని ఇద్దరం ఇంకా దూరంగా నిలబడ్డాం.

"ఆ రోజు మీరు చెప్పకపోయి ఉంటే నేను హైదరాబాద్‌లో పట్టుబడేవాణ్ణండీ," అన్నారు. "ఈ మాట చెప్పాలని ఏడాది నుంచీ అనుకుంటున్నా."

నేను ఎందుకు చెప్పానో మీకు తెల్వదు సార్ అనబోయాను. బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. ఆయన ఎక్కాక ఏ కిటికీలో కూర్చున్నారో కూడా కనిపించలేదు.

ఆయన జాగాలో వచ్చిన కొత్త సార్‌కు వేరే పనులుండేవి. నేను పాఠాలు చెప్పాను. ఇంట్లో రెండు సంబంధాలు చూశారు, వద్దన్నాను. ఆయన కోసమే వద్దన్నానంటే పూర్తి నిజం కాదు. ఒకరితో కలిసి ఒకే తెర చూస్తూ కూర్చున్నట్టుండే జీవితం వాళ్లతో ఉంటుందని నాకు తోచలేదు.

2013లో ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడో పశువైద్య పరిశోధన చేసే ఒకామె రాసింది. గొర్రె ఈనిన తర్వాత వచ్చే జున్నుపాలలో ఏమేం ప్రోటీన్లున్నాయో ఆమె చూస్తోంది. అందులో ఒకటి దొరికింది, దానికి ఏ ప్రాణిలోనూ పోలిక లేదు. వెతికితే మా జాబితాలో కనిపించిందట. బయటికి పోతుందని మేం రాసినదే, పాలలోకి వచ్చి కనిపించింది. ఏం పని చేస్తుందో ఇంకా తెలియదని, మీరు ఇంకేమైనా చెప్పగలరా అని అడిగింది.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే పక్క కుర్చీ వైపు తల తిప్పాను. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన పాత నంబరు పనిచేయలేదు. ఆదివారం కోదాడ పోయాను. ఇల్లు నాకు తెలుసు, ఒకసారి వాళ్లమ్మ పిలిస్తే భోజనానికి వెళ్లాను. తలుపు తీసింది ఆయన భార్య. పెళ్లయిందని విన్నాను కానీ చూడటం అదే మొదలు. "మీరు గొర్రెల మేడమ్ కదండీ? రండి రండి, ఇప్పుడే చర్చి నుంచి వచ్చాం," అంది. నా గురించి ఆ ఇంట్లో మాట్లాడుకున్నారని అప్పుడు తెలిసింది.

సార్ కాస్త లావయ్యారు. నేను మెయిల్ కాగితం ఇచ్చాను. నిలబడే చదివారు.

"మనం చెప్పింది నిజమైందాండీ?" అన్నారు. ఆ మొహం మళ్లీ బస్సులో చూసిన మొహమే. భార్యను పిలిచి చేతులు తిప్పుతూ దండ, పూసలు, పాలు అంతా ఆమెకు చెప్పారు. ఆమె శ్రద్ధగా విన్నది. మంచి మనిషి. నాకు అన్నం పెట్టకుండా పంపనంది. నేను తింటున్నంతసేపూ ఆ "మనం" అన్న మాటే చెవిలో ఉంది.

బస్టాండు దాకా ఆయన తోడొచ్చారు. ఈసారి చెప్పేశాను.

"సార్, ఆనాడు ఆ తప్పు మీకు చెప్పింది నిజం కోసమే అని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మీరు పోవద్దని గూడ ఉండె."

ఆయన నడుస్తూనే ఉన్నారు. రోడ్డు దాటాం. "ఎందుకు చెప్పినా, లెక్క తప్పే కదండీ మేడమ్," అన్నారు. అర్థమై అన్నారో, అర్థం కానట్టు ఉండాలని అన్నారో నాకు తెలియలేదు. తర్వాత అడిగారు. "ఇంకా చేస్తున్నారా మీరు?"

"చేస్తున్న సార్," అన్నాను.

మూడేళ్లుగా ఆ ఫైలు తెరవలేదు. బస్సు కదిలాక ఏడుపొచ్చింది. ఆయన కోసమా, పని కోసమా అని విడదీసి చూడబోయాను. రెండూ అచ్చం ఒక్క తీరే ఉన్నాయి.

అబద్ధం చెప్పాను కనుక దాన్ని నిజం చేయాల్సి వచ్చింది. జున్నుపాలు చూసే ఆమెకు జవాబు రాశాను. 2014 ఎండాకాలంలో, పరీక్షలయ్యాక, మేకల వరుసలు దించుకుని పాత ప్రోగ్రాం తెరిచాను. ఆయన దగ్గర నేర్చుకున్నది సగం మరిచిపోయాను. ఒక్కో లైనూ కూడబలుక్కుని చదువుతుంటే, ప్రోగ్రాం మధ్యమధ్యలో చదివేవాళ్ల కోసం రాసే, మెషీన్ పట్టించుకోని మాటలు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసి ఉన్నాయి. వెళ్లిపోయే ముందు పెట్టినట్టున్నారు. మేడమ్, ఇక్కడ ఫైలు పేరు మార్చుకోండి. మేడమ్, చుట్టాలను ఇక్కడే తీసేస్తున్నాం, ఈ ముక్క తొలగించకండి. మేడమ్, కరెంటు పోతే భయపడకండి, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది.

వాటన్నిటినీ చదివాను. పైకి చదివాను, గదిలో ఎవరూ లేరు కనుక. తర్వాత ఫైలు పేరు మార్చి, మేకలవి పెట్టి, నడిపించాను.